రిజిస్ట్రీలో తప్పులకూ ఒక దిశ ఉంటుంది

భారత వైద్య పరిశోధన మండలి 2020లో విడుదల చేసిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ (క్యాన్సర్ కేసుల నమోదు వ్యవస్థ) నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్ని ప్రాంతాల కన్నా హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువగా నమోదైంది. వయసుల తేడాను సవరించి చూస్తే ఏటా లక్ష మంది మహిళల్లో 48 మంది. ఇలాంటి అంకె కనబడగానే తిండి మారిందనీ, కాన్పులు ఆలస్యమవుతున్నాయనీ, పరీక్షలు పెరిగాయనీ కారణాల వేట మొదలవుతుంది. వాటిలో నిజం ఉండవచ్చు. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ అంకెను తయారు చేసిన రికార్డుల్లో హైదరాబాద్ అంటే ఎంత మేరకు?

కూకట్‌పల్లిలో ఉండేవారిని ఊరేదని అడిగితే హైదరాబాద్ అనే చెబుతారు. ఉప్పల్, ఎల్బీనగర్, మల్కాజిగిరి వాసులూ అంతే. 2011 నాటి నగరపాలక సంస్థ లెక్కలో వాళ్లు హైదరాబాద్ వాళ్లే, జిల్లా లెక్కలో కారు. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభా 39.4 లక్షలు. అప్పటి మహానగర పాలక సంస్థ పరిధిలో జనాభా దాదాపు 67 లక్షలు. ఆస్పత్రి కౌంటర్‌లో చిరునామా అడిగి ‘హైదరాబాద్’ అన్న ఒక్క మాట రాసుకుని పంపేస్తే, ఆ తేడాలోని 27 లక్షల మందిలో జబ్బుపడినవారు పైన లవంలోకి వచ్చేస్తారు, కింద హారంలో మాత్రం ఉండరు. జబ్బు పెరగకుండానే రేటు పెరుగుతుంది. పైన చెప్పిన నివేదికలో అలా జరిగిందని కాదు. అలా జరగకుండా చూడటానికే రిజిస్ట్రీ సిబ్బంది పిన్‌కోడ్ కోసం, పేట పేరు కోసం పట్టుబడతారు. కనీసం ఏడాదిగా ఆ ప్రాంతంలో నివసిస్తున్నవారినే లెక్కలోకి తీసుకోవాలన్న నిబంధన కూడా ఇందుకే పుట్టింది. నల్లగొండ నుంచి చికిత్స కోసం వచ్చి అంబర్‌పేటలో కొడుకు ఇంట్లో దిగిన తల్లి అంబర్‌పేట చిరునామానే చెబుతుంది. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు, ఉత్తరం వేస్తే అక్కడికే చేరుతుంది. రిజిస్ట్రీకి కావలసిన జవాబు మాత్రం అది కాదు.

హారం సంగతి మరో తలనొప్పి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. తర్వాతిది 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది. అందాకా ప్రతి రిజిస్ట్రీ 2011 లెక్కను పట్టుకుని అంచనాలు వేసుకుంటూ పోవాల్సిందే. శివార్లు ఇంత వేగంగా నిండుతున్న చోట ఆ అంచనా ఏ వైపు జారుతుందో ఊహించడం కష్టం కాదు.

రికార్డుల సంఖ్య పెద్దదైతే చిన్నచిన్న తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఒక నమ్మకం ఉంది. వైద్య రిజిస్ట్రీల విషయంలో ఇది చాలావరకు భ్రమ. బరువు చూసే యంత్రంలో ముల్లు అటూ ఇటూ ఊగితే సగటు సరిగ్గానే వస్తుంది. ఎప్పుడూ ఒకే వైపు మొగ్గితే లక్షసార్లు తూచినా తప్పే వస్తుంది. రిజిస్ట్రీలో తప్పులు ఎక్కువగా రెండో రకానివి.

మన దేశంలో జనాభా ప్రాతిపదికన క్యాన్సర్ నమోదు 1963లో ముంబైలో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ చేతుల మీదుగా మొదలైంది. వైద్య పరిశోధన మండలి జాతీయ కార్యక్రమం 1981 చివర్లో రూపుదిద్దుకుని, మరుసటి ఏడాది నుంచి బెంగళూరు, ముంబై, చెన్నైలలో లెక్కలు సేకరించింది. గ్రామీణ ప్రాంతంలో తొలి రిజిస్ట్రీ 1987లో మహారాష్ట్రలోని బార్శీలో వచ్చింది. అప్పటి నుంచీ మన పద్ధతి ఒకటే. రిజిస్ట్రీ మనుషులే ఆస్పత్రులకూ, ల్యాబులకూ, జనన మరణాల కార్యాలయాలకూ వెళ్లి, కేస్ షీట్లు తిరగేసి, వివరాలు రాసుకొస్తారు. కొన్ని రాష్ట్రాలు క్యాన్సర్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చాయి. అయినా ఆదేశం కాగితం మీద ఉన్నంత మాత్రాన కేస్ షీటు తనంతట తాను నడిచి రాదు. కాబట్టి కచ్చితత్వం గురించి మాట్లాడాలంటే ఆ రికార్డు గదిలో కూర్చుని ఒక కేస్ షీటు చదివే మనిషి దగ్గర మొదలుపెట్టాలి.

ఊహకు ఒక కేస్ షీటు తీసుకుందాం. అట్ట మీద డాక్టరు పెద్ద అక్షరాలతో ‘లివర్ క్యాన్సర్’ అని రాశారు. లోపల నాలుగో పేజీలో బయాప్సీ రిపోర్టు ఉంది. కాలేయం నుంచి తీసిన ముక్కలో వేరే చోటి నుంచి వ్యాపించిన అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్) కనిపించిందని అందులో ఉంది. మరికొన్ని పేజీల తర్వాత, వేరే చేతిరాతలో, పెద్దపేగు చివరి వంపులో గడ్డ ఉన్నట్టు కొలనోస్కోపీ నోట్ ఉంది. అట్ట చూసి కోడ్ వేసేవారు కాలేయానికి చెందిన సి22 వేస్తారు. అన్ని పేజీలూ చదివినవారు పెద్దపేగుకు చెందిన సి18.7 వేస్తారు. రిజిస్ట్రీలు వాడే ఐసీడీ-ఓ అనే క్యాన్సర్ కోడ్‌ల పద్ధతిలో రాయాల్సింది జబ్బు పుట్టిన చోటును, అది పాకిన చోటును కాదు. కాబట్టి రెండోదే సరి. పేగు, రొమ్ము, ఊపిరితిత్తి, జీర్ణాశయం, ఎక్కడ మొదలైన క్యాన్సర్ అయినా తరచుగా చేరుకునే చోటు కాలేయం. అందువల్ల ఈ పొరపాటు ఎప్పుడూ ఒకే వైపుకు జరుగుతుంది. కాలేయ క్యాన్సర్ల లెక్క ఉబ్బుతుంది, మిగతావి తగ్గుతాయి. ఆ లెక్క చూసి హెపటైటిస్-బి టీకాల మీదా, మద్యం మీదా విధానాలు రాసేవారికి ఎదుట ఉన్నది తప్పు పటం.

దీన్ని కంప్యూటర్ పట్టుకోగలదా? కొంతవరకే. లియాన్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రిజిస్ట్రీల కోసం క్యాన్‌రెగ్ అనే సాఫ్ట్‌వేర్‌నూ, తనిఖీ నిబంధనలనూ ఉచితంగా ఇస్తోంది. మగవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని పడితే అది ఆపుతుంది. పసిపిల్లల కంటిలో వచ్చే రెటీనోబ్లాస్టోమా యాభై ఏళ్ల మనిషికి నమోదైతే మళ్లీ చూడమంటుంది. పుట్టిన తేదీ కంటే ముందే జబ్బు బయటపడినట్టు ఉంటే ఒప్పుకోదు. ఇవన్నీ అసాధ్యాలు. అరవై ఏళ్ల వ్యక్తికి కాలేయ క్యాన్సర్ అనేది అసాధ్యం కాదు, చాలా మామూలు. తప్పు మామూలు వేషంలో వచ్చినప్పుడు యంత్రం దానికి దారి వదులుతుంది. తనిఖీలన్నీ దాటింది కనుక డేటా శుభ్రంగా ఉందని చెప్పుకునే నివేదికలను ఈ కారణంగానే కాస్త అనుమానంతో చదవాలి.

పేర్ల దగ్గర చిక్కు పూర్తిగా మనదైనది. వరంగల్‌లో బయాప్సీ చేయించుకున్న మనిషి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి, అక్కడి నుంచి నిమ్స్‌కో బసవతారకానికో వెళ్లడం వింతేమీ కాదు. ఒకే మనిషి మూడు నాలుగు చోట్ల రాతలో పడతారు. డెన్మార్క్‌లో అయితే 1968 నుంచి ప్రతి పౌరునికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంది కాబట్టి ఈ మూడూ ఒక్కరివేనని క్షణంలో తేలిపోతుంది. ఇక్కడ పేరు, వయసు, ఊరు, తండ్రి లేదా భర్త పేరు, ఫోను నంబరుతో పోల్చుకోవాలి. ఎల్లమ్మ పేరు ఇంగ్లిషులో కొందరు ఇ అక్షరంతో, కొందరు వై అక్షరంతో మొదలుపెడతారు. ఒక చోట ఇంటిపేరు ముందు, ఒక చోట వెనక, మరో చోట పొడి అక్షరం మాత్రమే. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఒకటి. ఫోను నంబరు ఒకసారి కొడుకుది, మరోసారి అల్లుడిది.

ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లను కలపడానికి సౌండెక్స్ అనే పద్ధతి ఉంది. 1918లో అమెరికాలో పేటెంట్ పొందింది, ఇంగ్లిషు పేర్ల కోసం పుట్టింది. లక్ష్మి పేరును కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాసినా ఎక్స్‌తో రాసినా దానికి ఒకే కోడ్ వస్తుంది, అంతవరకు బాగానే ఉంది. కానీ మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు. అందుకే ఇద్దరు ఎల్లమ్మలూ దానికి వేర్వేరు మనుషులు. రమ, రామయ్య మాత్రం దాని దృష్టిలో ఒకటే. తెలుగు పేర్లు ఎలా రాస్తారో తెలిసిన వారు తయారు చేసిన సమీకరణ నియమాలు లేకుండా, బయటి నుంచి తెచ్చిన సాధనాన్ని ఉన్నదున్నట్టు వాడితే వచ్చే ఫలితం ఇదే. కెనడా శాస్త్రవేత్త హోవర్డ్ న్యూకోంబ్ 1959లో చూపిన దారి మెరుగైనది. ఒక్కో వివరం కలిసినందుకు ఇన్ని మార్కులు, కలవనందుకు ఇన్ని మార్కులు అని వేసి, మొత్తం ఒక హద్దు దాటితే ఒకే మనిషిగా తీసుకోవడం. అరుదైన ఇంటిపేరు కలిస్తే ఎక్కువ మార్కులు, ‘లక్ష్మి’ కలిస్తే తక్కువ. హద్దుకు అటూ ఇటూ ఊగే జంటలను మాత్రం మనిషే కూర్చుని చూడాలి.

పేర్లు కలవకపోతే నష్టం ఒక్క రికార్డుతో ఆగదు. రిజిస్ట్రీ ఎంతమందిని వదిలేసిందో అంచనా వేసే పద్ధతి కూడా పేర్ల జతపరచడం మీదే నిలబడి ఉంది. చెరువులో చేపలను పట్టి, గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టి లెక్కించే పద్ధతికి చుట్టమే ఇది. దీన్ని మనుషుల నమోదుకు వర్తింపజేసింది భారతీయ జనాభా శాస్త్రవేత్త సి. చంద్రశేఖరన్, అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్. కలకత్తా దగ్గరి సింగూరులో జనన మరణాల నమోదును తీసుకుని 1949లో వారు ప్రచురించిన వ్యాసం నేటికీ ఆధారం. లెక్క తేలికే. ల్యాబుల జాబితాలో 400 మంది, ఆస్పత్రుల జాబితాలో 300 మంది ఉన్నారనీ, రెండింటిలోనూ ఉన్నవారు 240 మంది అనీ అనుకుందాం. 400ను 300తో హెచ్చించి 240తో భాగిస్తే అసలు కేసులు 500. రెండు జాబితాలూ కలిపితే దొరికినవారు 460. అంటే 40 మంది ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు ఆ 240 మందిలో 20 మంది పేర్లు అక్షరాల తేడా వల్ల జతపడలేదనుకుందాం. ఉమ్మడి 220కి పడిపోతుంది. దొరికినవారు 480 అయినట్టు కనిపిస్తుంది. ఇందులో 20 మంది లేని మనుషులు. మొత్తం అంచనా 545కి ఎగబాకుతుంది. తప్పిపోయినవారు 40 బదులు 65 అవుతారు. ఉన్నవారి లెక్కా తప్పే, లేనివారి లెక్కా తప్పే. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ పద్ధతి రెండు జాబితాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదని అనుకుంటుంది. నిజానికి బయాప్సీ దాకా వెళ్లగలిగిన మనిషే పెద్దాస్పత్రికీ వెళ్లగలడు. ఎక్కడికీ వెళ్లలేని మనిషి రెండింటిలోనూ ఉండడు. కాబట్టి పేర్లన్నీ సరిగ్గా కలిసినా పేదల వైపు ఖాళీని ఈ లెక్క తక్కువ చేసి చూపుతుంది.

రిజిస్ట్రీ నాణ్యతకు వాడే కొలమానాలూ కొన్నిసార్లు తలకిందులుగా చదవాల్సి వస్తుంది. కేసుల్లో ఎన్ని శాతం సూక్ష్మదర్శిని కింద నిర్ధారణ అయ్యాయో ప్రతి నివేదికా ఇస్తుంది. 99 శాతం అని ఉంటే శభాష్ అనిపిస్తుంది. కానీ కాలేయం, క్లోమం, మెదడు, ముసలివారి ఊపిరితిత్తుల వంటి చోట్ల స్కానింగుతోనే రోగం తేల్చి, ముక్క తీయకుండా వదిలేయడం అన్ని దేశాల్లోనూ జరిగేదే. అలాంటివారు ఎవరూ లేరంటే ల్యాబు రిపోర్టుల కట్టలు తప్ప ఇంకేమీ తిరగేయలేదన్నమాట. మరణ ధ్రువపత్రం ద్వారా మాత్రమే తెలిసిన కేసుల శాతం కూడా ఇంతే. అది ఎక్కువైతే రిజిస్ట్రీ బతికుండగా రోగిని పట్టుకోలేకపోయిందని అర్థం. సున్నా అయితే మరణాల దస్త్రాలను చూడనే లేదేమోనని అనుమానించాలి.

మన దగ్గర ఆ దస్త్రాలు కూడా పలచనే. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం. ఆ కొద్దిలోనూ ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని రాసి సంతకం పెట్టినవి తక్కువేమీ కాదు. గుండె ఆగకుండా ఎవరూ పోరు. మరణానికి దారితీసిన అసలు జబ్బును కింది వరుసలో రాయాలని ఫారం అడుగుతూనే ఉంటుంది, ఆ వరుస తరచూ ఖాళీగా ఉంటుంది.

ఖాళీల గురించి మరో మాట. చాలా ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లలో అన్ని గడులూ నింపితే తప్ప ముందుకు పోనివ్వరు. దీన్ని నాణ్యత పెంచే ఏర్పాటుగా చెబుతారు. జరిగేది వేరు. పొగాకు అలవాటు గురించి రోగిని ఎవరూ అడగలేదు, గడి మాత్రం ‘అవును’ లేదా ‘లేదు’ అనమంటోంది. వరుసలో ఇంకా నలభై మంది ఉన్నారు. వేలు ‘లేదు’ మీద పడుతుంది. గుట్కా వల్ల వచ్చిన నోటి క్యాన్సర్లు ఏ అలవాటూ లేనివారి ఖాతాలో చేరతాయి. ‘అడగలేదు’ అన్న మూడో వీలు ఇచ్చి ఉంటే ఎన్ని కేస్ షీట్లలో ఈ వివరం లేదో కనీసం తెలిసేది. తెలియదన్నది కూడా సమాచారమే, నిజాయితీగా రాసి ఉంటే. వయసు విషయంలోనూ ఇదే జరుగుతుంది. పుట్టిన తేదీ తెలియనివారికి 50, 55, 60 అని గుండు సంఖ్యలు పడిపోతాయి. 48, 49 ఏళ్లవారు పై వయసు గుంపులోకి దొర్లుతారు. వయసుల్లో సున్నా, ఐదుల మోజు ఎంత ఉందో చెప్పే విప్పుల్ సూచిక దశాబ్దాలుగా జనగణనల్లో వాడుకలో ఉంది. మోజు లేకపోతే 100, అందరూ గుండు సంఖ్యలే చెబితే 500. దాన్ని ఒక్కో ఆస్పత్రికి విడివిడిగా లెక్కగడితే, ఏ కౌంటర్‌లో వయసు అడుగుతున్నారో, ఏ కౌంటర్‌లో మొహం చూసి రాస్తున్నారో బయటపడుతుంది.

రికార్డుకు బహుమతో శిక్షో ముడిపెట్టినప్పుడు తప్పు మరో దారి పడుతుంది. న్యూయార్క్ రాష్ట్రం 1989లో బైపాస్ సర్జరీల ఫలితాలను సేకరించడం మొదలుపెట్టి, ఆ తర్వాత ఆస్పత్రుల వారీగా మరణాల రేట్లు బయటపెట్టింది. రోగి ముందే ఎంత జబ్బుతో ఉన్నాడో లెక్కలోకి తీసుకుని రేటును సవరించేవారు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు నమోదైన రోగులు 1989లో 7 శాతం లోపే. 1991 నాటికి 17 శాతం దాటారు. రెండేళ్లలో న్యూయార్క్ వాసుల ఊపిరితిత్తులు అంతగా చెడిపోయి ఉంటాయని నమ్మలేం. రోగి ఎంత జబ్బుమనిషిగా కనిపిస్తే సర్జన్ అంత మంచివాడుగా తేలతాడు కదా. దీనికి మందు నిబంధనలు పెంచడం కాదు, కేస్ షీట్లను కొన్ని ఎంచి తెప్పించుకుని చూడటం. అక్కడి ఆరోగ్యశాఖ ఆ పనే చేస్తూ వచ్చింది. బీమా, ప్రభుత్వ చికిత్సా పథకాల క్లెయిములను రిజిస్ట్రీకి ఆధారంగా వాడుకోవాలన్న ఆలోచన మన రాష్ట్రాల్లోనూ సహజంగా వచ్చేదే. అక్కడ కోడ్ డబ్బు చెల్లింపు కోసం పుట్టిందన్న సంగతి గుర్తుంటే, కేసును వెతకడానికి క్లెయిమును వాడి, రోగాన్ని తేల్చడానికి మాత్రం బయాప్సీ రిపోర్టునే నమ్ముతారు.

అసలు పత్రాల దాకా వెనక్కి వెళ్లే వీలు లేని డేటా ఎంత పెద్దదైనా ఏమవుతుందో 2020లో లోకం చూసింది. సర్జిస్ఫియర్ అనే అమెరికన్ సంస్థ 671 ఆస్పత్రుల నుంచి 96,032 మంది కోవిడ్ రోగుల రికార్డులు తన దగ్గర ఉన్నాయంది. వాటి ఆధారంగా హైడ్రాక్సీక్లోరోక్విన్ హానికరమంటూ మే 22న లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద తన పరీక్షను తాత్కాలికంగా ఆపింది కూడా. అనుమానాలు ముసురుకోవడానికి ఒక చిన్న అంకె తోడ్పడింది. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలో 73 మరణాలని వ్యాసంలో ఉంది. ఆనాటికి ఆ దేశం మొత్తం మీద నమోదైన మరణాలే 67. స్వతంత్ర పరిశీలకులకు అసలు రికార్డులు చూపడానికి ఆ సంస్థ ఒప్పుకోలేదు. జూన్ 4న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. తొంభై ఆరు వేల రికార్డుల్లో ఒక్క కేస్ షీటునైనా చూపగలిగి ఉంటే కథ వేరేగా ఉండేది.

అందుకే రిజిస్ట్రీ చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువగా జరిగేది పునఃపరిశీలన. నమోదైన కేసుల్లో కొన్నింటిని చీటీలేసినట్టు ఎంచి, మొదట రాసినవారు ఏం రాశారో చూపకుండా, మరొకరితో మొదటి నుంచి రాయించాలి. ఇద్దరూ ఎక్కడ కలిశారు, ఎక్కడ విడిపోయారు అన్నది అంశాల వారీగా లెక్కగట్టాలి. లింగం, వయసుల్లో సాధారణంగా పేచీ ఉండదు. జబ్బు దశ, మూల స్థానం, రోగం బయటపడిన తేదీ దగ్గర విడిపోతారు. తేదీ సంగతే చూడండి. మార్చిలో వరంగల్‌లో బయాప్సీ, జూన్‌లో హైదరాబాద్‌లో చికిత్స. ఒకరు మార్చి అంటారు, ఒకరు జూన్ అంటారు. ఇద్దరి దగ్గరా కారణాలుంటాయి. నియమం ఒక్క వాక్యంలో స్పష్టంగా రాసిపెట్టనందువల్ల వచ్చిన తేడా అది. దాన్ని డేటా ఎంట్రీ చేసిన మనిషి మీద రుద్దితే వచ్చే ఏడాది మళ్లీ అదే తేడా వస్తుంది. మరో చిక్కేమిటంటే, ఈ పని చేసేవారిలో చాలామంది ఒప్పంద ఉద్యోగులు. అట్ట మీది మాటకూ నాలుగో పేజీ మాటకూ తేడా పసిగట్టడం నేర్చుకునేసరికి ఒప్పందం ముగుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు నిధులు దొరికినంత సులువుగా అనుభవమున్న ఇద్దరిని నిలుపుకోవడానికి దొరకవు.

పునఃపరిశీలనలో తేలింది డాక్టరు దాకా తిరిగి వెళ్లాలి. బయాప్సీ ముక్కను పరీక్షించే పాథాలజిస్టు తన రిపోర్టును పొడవాటి వాక్యాల్లో కాకుండా, గడ్డ ఎక్కడిది, ఎంత పరిమాణం, అంచులు ఎలా ఉన్నాయి, ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారు, ఎన్నింటిలో ఉంది అని నిర్ణీత వరుసలో రాస్తే రిజిస్ట్రీకి సగం పని తగ్గుతుంది. సర్జన్‌కూ మేలే. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా అనే ఆరోగ్య గుర్తింపు సంఖ్య పేర్ల గొడవను కొంత తీర్చవచ్చు. అది తప్పనిసరి కాదు గనుక, అది లేని రోగులు ఎవరన్నది చూసుకోవాలి. వారే రెండు జాబితాల్లోనూ లేనివారు కావచ్చు.

ప్రశ్న ఎప్పుడు అడిగారన్నది కూడా తేడా తెస్తుంది. రోగి ఇంకా ఓపీకి వస్తుండగా అడిగితే డాక్టరుకు గుర్తుంటుంది, రోగినే అడిగే వీలూ ఉంటుంది. మూడేళ్ల తర్వాత కేస్ షీటు దొరకడమే గొప్ప. అలాగని తొందరపడి ప్రచురిస్తే ఆలస్యంగా చేరే కేసులు తప్పిపోతాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు అక్కడి రిజిస్ట్రీలు ఒక సంవత్సరం కేసులను ఆ ఏడాది ముగిసిన 22 నెలలకు తొలిసారి పంపుతాయి. ఆ తర్వాతా కేసులు చేరుతూనే ఉంటాయని తెలుసు కనుక, ఎన్ని చేరవచ్చో పాత అనుభవం నుంచి లెక్కగట్టి, సవరించిన రేటునూ సవరించని రేటునూ రెండూ ఇస్తారు. మన నివేదికల్లోనూ గతసారి ఒక సంవత్సరానికి ఎన్ని కేసులు చెప్పారో, ఈసారి అదే సంవత్సరానికి ఎన్ని తేలాయో ఆస్పత్రుల వారీగా ఒక పట్టికలో వేస్తే, ఏ ఆస్పత్రి నుంచి ఎంత ఆలస్యంగా వివరాలు వస్తున్నాయో చదివేవారికే కనిపిస్తుంది.